గంగ ఒడ్డున రెండో అక్షరాభ్యాసం

నిజామాబాదు దాటి, నవీపేట దాటి, రైలు గోదావరి వంతెన మీదికి ఎక్కగానే పెట్టెలో ఉన్నవాళ్ళంతా కిటికీల వైపు జరుగుతారు. చేతుల్లో రూపాయి బిళ్ళలు, పెదవుల మీద మొక్కులు. వంతెన దిగితే బాసర. మా తమ్ముడి కూతురికి అక్షరాభ్యాసం చేయించడానికి ఒక వసంత పంచమి నాడు కుటుంబమంతా కలిసి వెళ్ళాం. అందరితో పాటు నేనూ ఒక బిళ్ళ విసిరాను. దాని కింద ఏ చేప ఉందో, అది ఏ నీటి నుంచి ఏ నీటికి పోతోందో అన్న ఆలోచన ఆనాటి దాకా నాకు ఒక్కసారి కూడా రాలేదు.

యాభై దాటిన నాకు ఆ రోజునే మరో అక్షరాభ్యాసం జరిగింది. గురువు నిరక్షరాస్యుడు. పలక గోదావరి. బలపం ఆరడుగుల కంకబొంగు. ఆ కథతో మొదలుపెట్టి, తొమ్మిది వందల ఏళ్ళ వెనకటి ఒక రాజుగారి పుస్తకం దాకా మిమ్మల్ని తీసుకువెళ్ళి, మళ్ళీ ఆ ఒడ్డుకే చేరుస్తాను. దారి కొంచెం వంకర. ఏటి వెంట నడక కదా, ఓపిక పట్టండి.

*

చిన్నప్పుడు మా ఊరి చెరువు గట్టున గాలాలు వేసే పిల్లలను దూరం నుంచి చూడటమే తప్ప కర్ర ముట్టుకున్నది లేదు. "సదువుకునే పోరనివి, గాలం పట్టుకొని కూసుంటవా?" అని నాన్న ఒక్కసారి అన్నారు. రెండోసారి అనవలసిన అవసరం రాలేదు. మా ఇంట్లో చదువు ఒక ఒడ్డు, గాలం ఇంకో ఒడ్డు. తరువాత కళాశాలలో ఐజాక్ వాల్టన్ అనే ఆంగ్లేయుడు 1653లో అచ్చువేసిన 'ది కంప్లీట్ ఆంగ్లర్' చేతికొచ్చింది. అందులో చబ్ అనే చేపకు ఒక అధ్యాయం, బార్బెల్ అనే చేపకు ఒక అధ్యాయం ఉన్నాయి. ముళ్ళు ఎక్కువ, రుచి తక్కువ అని నలుగురూ పక్కన పెట్టే చబ్‌ను సరిగా వండితే ఎంత బాగుంటుందో ఆయన ఓపికగా చెబుతాడు. బార్బెల్ మీసాల చేప. లాటిన్‌లో గడ్డాన్ని 'బార్బా' అంటారు, దాని పేరు అక్కడినుంచే వచ్చింది. చూడని దేశపు చూడని ఏళ్ళలో చూడని చేపల గురించి నేను గంటల తరబడి చదివాను. ఇంటికి ఎనభై మైళ్ళలో ఉన్న గోదావరిలో ఏయే చేపలున్నాయని ఎవరైనా అడిగితే మాత్రం రెండు పేర్లకు మించి చెప్పలేకపోయేవాణ్ణి.

ఆ రోజు గుడిలో పని ముగిశాక రద్దీకి తట్టుకోలేక, స్నానఘట్టాలు దాటి చాలా దూరం ఒడ్డు వెంట నడిచాను. అక్కడ ఒక బండ మీద ఒక పెద్దాయన గాలం వేసుకుని కూర్చుని ఉన్నాడు. బతుకు గడిచేది వలతో. గాలం మాత్రం ఆ పూట కూర కోసం, కొంత సరదా కోసం. నేను పక్కన నిలబడి చాలాసేపు చూశాను. ఆయన తల తిప్పకుండానే, "నీడ నీళ్ళ మీద పడుతున్నది సారూ, జర ఎనుకకు జరుగు" అన్నాడు.

మొదటి పాఠం అదే. వాల్టన్ కూడా చబ్ ఎంత పిరికిదో, ఏ చిన్న నీడ కదిలినా ఎలా మునిగిపోతుందో చెప్పాడు. చదివిన సంగతే. చదివిన నా నీడ అయినా నీళ్ళ మీదనే పడింది.

*

ఆ తరువాత ఏడాదిలో నాలుగైదు సార్లు బాసర వెళ్ళాను. ఆయనను 'కాకా' అని పిలవడం అలవాటయింది. పనిముట్లలో చెప్పుకోదగ్గ రహస్యమేమీ లేదు. కంకబొంగు కర్ర, దానికి నైలాన్ దారం, దారానికి జీలుగు బెండు ముక్క, బెండుకు కింద చిన్న సీసపు గుండు, చివర గాలం. ఎరకు ఎర్రలు, అంటే వానపాములు. లేదంటే తవుడూ పల్లిచెక్కా కలిపి పిసికిన పిండి ముద్ద. బెండుకూ గాలానికీ మధ్య ఎంత దారం వదలాలన్నది నీటి లోతును బట్టి ఉంటుంది. ఎర అడుగున ఆనితే ఒక జాతి, నడిమి నీళ్ళలో వేలాడితే ఒక జాతి, పైపైన తేలితే ఇంకో జాతి తగులుతాయి. చేప నోరు కిందికి తిరిగి ఉంటే అది అడుగున మేసేది, పైకి తిరిగి ఉంటే పైన మేసేది. బొచ్చె నోరు పైకి, మీసాల పరకల నోరు కిందికి. చేప ముఖం చూస్తే దాని ఇల్లు తెలుస్తుందన్నమాట.

మొదటి రోజంతా నేను చేపలకు అన్నదానం చేశాను. బెండు చిటుక్కున కదలగానే కర్ర లేపేవాణ్ణి; ఖాళీ గాలం గాలిలో వేలాడేది. "కొరికినప్పుడు లేపకు సారూ. అది సూస్తున్నది. నమ్మినంక గుంజుతది. గప్పుడు లేపు" అన్నాడు కాకా. చూడటానికీ నమ్మడానికీ మధ్య ఉన్న ఆ రెండు క్షణాలు పట్టుకోవడానికి నాకు మూడు ప్రయాణాలు పట్టింది.

ఇంకొక అలవాటు నన్ను ఆశ్చర్యపరిచింది. గాలం వేసే చోట ఆయన ముందుగానే, ఒక్కోసారి రెండు మూడు రోజుల ముందునుంచి, రోజూ ఒకే వేళకు పిండి ముద్దలు వేసేవాడు. చేపలకు చోటు అలవాటు కావాలి, వేళ అలవాటు కావాలి, భయం పోవాలి. "ఎవరు నేర్పారు కాకా?" అంటే, "ఎవరు నేర్పుతరు? మా అయ్య ఏసేటోడు, నేనేస్తున్న" అన్నాడు.

ఆ మాట విన్న రాత్రే నాకు మానసోల్లాసం గుర్తుకొచ్చింది.

*

కల్యాణి చాళుక్యుల వంశంలో ఆరవ విక్రమాదిత్యుని కుమారుడు మూడవ సోమేశ్వరుడు 1126 నుంచి 1138 వరకు రాజ్యం చేశాడు. భూలోకమల్లుడనీ, సర్వజ్ఞుడనీ బిరుదులు. యుద్ధాల కంటే ఆయనను చరిత్రలో నిలిపింది ఒక గ్రంథం. అదే మానసోల్లాసం, మరో పేరు అభిలషితార్థ చింతామణి. 1130 ప్రాంతంలో సంస్కృతంలో పూర్తయిన ఆ గ్రంథంలో ఐదు వింశతులు, ఒక్కొక్క దానిలో ఇరవై అధ్యాయాలు, మొత్తం నూరు. రాజ్యం సంపాదించడం, నిలుపుకోవడం, భోగాలు, వినోదాలు, క్రీడలు... ఒక రాజుకు తెలియవలసినవి అన్నీ. వంటకాల గురించీ, సంగీత నృత్యాల గురించీ, చిత్రకళ గురించీ మన పరిశోధకులు దీన్ని ఎన్నోసార్లు ఉదాహరించారు. నాల్గవదైన వినోద వింశతిలో ఏనుగులు, గుర్రాలు, మల్లయుద్ధాలు, కోడిపందేలు, వేటకుక్కలు, డేగల వేట తరువాత వచ్చే అధ్యాయం మత్స్యవినోదం. గాలంతో చేపలు పట్టే వేడుక!

రాజుగారు అందులో ముప్పై అయిదు రకాల చేపలను చెబుతారు. సముద్రంలోవి, నదుల్లోవి వేరు చేస్తారు. పొలుసులున్నవి, లేనివి వేరు చేస్తారు. పెద్దవి, నడిమివి, చిన్నవి అని విభజిస్తారు. ఏ చేపకు ఏ మేత వేసి మచ్చిక చేయాలో, కర్ర ఎలా ఉండాలో, ఏ నారతో దారం పేనాలో, గాలం ఎలా ఉండాలో వివరిస్తారు. మేతలో అన్నం ముద్దలు, పిండి ముద్దలు, నువ్వులు, మాంసం అన్నీ ఉన్నాయి. మేత వేసి, చోటు అలవాటు చేసి, ఆ తరువాత గాలం వేయడం. కాకా వాళ్ళ అయ్య చేసినదీ అదే.

గాలపు వేట మీద ఆంగ్లంలో తొలి అచ్చు పుస్తకం జూలియానా బెర్నర్స్ పేర చలామణి అయ్యే చిన్న గ్రంథం. అది వెలువడింది 1496లో. మానసోల్లాసం దానికి మూడున్నర శతాబ్దాల ముందుది, వాల్టన్‌కు ఐదు శతాబ్దాల ముందుది. 'మనదే ముందు' అని జబ్బలు చరుచుకోవడానికి ఈ లెక్క చెప్పడం లేదు. వాల్టన్‌ను ఇరవై ఏళ్ళ వయసులో చదివి, సోమేశ్వరుణ్ణి యాభై దాటాక, అదీ ఒక బెస్త పెద్దాయన పుణ్యమా అని తెరిచిన నా సిగ్గు గురించి చెబుతున్నాను.

ఈ పుస్తకానికీ మన నేలకూ దూరం ఎక్కువేమీ లేదు. రాజధాని కల్యాణి నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణం. ఆ బీదరు జిల్లా గుండా ప్రవహించే మంజీర తెలంగాణలోకి వచ్చి, బాసరకు కొంచెం ఎగువన కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. సోమేశ్వరుని కాలానికి ఓరుగల్లు కాకతీయులు ఇంకా స్వతంత్రులు కారు. 1163 నాటి రుద్రదేవుని హనుమకొండ శాసనం అప్పటికి చాలా దూరం. వారూ, కరీంనగరు ప్రాంతపు పొలవాస నాయకులూ కల్యాణి ఏలికకు సామంతులు. అంటే మత్స్యవినోదం వ్రాసిన రాజు మన గోదావరికి కూడా రాజే.

అయితే ఒక ప్రశ్న నన్ను వదలలేదు. ముప్పై అయిదు చేపల నివాసాలు, ఆహారాలు, పొలుసులు రాజుగారికి ఎలా తెలిశాయి? ఆయన నీళ్ళలో దిగి చూసి ఉండరు. ఎవరో చెప్పి ఉంటారు. నీడ ఎటు పడుతోందో చూసుకోమని ఎవరో చెప్పి ఉంటారు. ఆ చెప్పినవారు నూరు అధ్యాయాల్లో ఎక్కడా కనబడరు. రాజుల వ్రాతల్లో చేప అనేకసార్లు కనిపిస్తుంది. అశోకుడు తన ఐదవ స్తంభ శాసనంలో కొన్ని తిథుల్లో చేపలు పట్టరాదు, అమ్మరాదు అన్నాడు. సోమేశ్వరుడు వినోదమన్నాడు. నిషేధంగానో వేడుకగానో చేప వ్రాతకెక్కింది. చేపను ఎరిగినవాడు మాత్రం ఎక్కలేదు.

*

ఇక్కడ బాసర స్థలపురాణం దగ్గరకు రావాలి. కురుక్షేత్రం ముగిశాక మనశ్శాంతి కోసం వ్యాసుడు గోదావరి తీరానికి వచ్చాడనీ, రోజూ స్నానం చేసి మూడు పిడికిళ్ళ ఇసుక తెచ్చి ముగ్గురమ్మల మూర్తులను నిలిపాడనీ, వ్యాసపురి అన్న పేరే బాసర అయిందనీ చెబుతారు. గుడిలో పలక మీద 'ఓం' దిద్దించే తల్లిదండ్రులందరికీ ఈ కథ తెలుసు.

వ్యాసుని తల్లి ఎవరు? సత్యవతి. మత్స్యగంధి. శాపం వల్ల చేపగా మారిన అద్రిక అనే అప్సరస కడుపున పుట్టి, బెస్త పెద్ద దాశరాజు ఇంట పెరిగి, యమున మీద పడవ నడిపిన పిల్ల. వేదాలను విభజించినవాడు, భారతం చెప్పినవాడు ఆ చేపల వాసన నుంచే పుట్టాడు. అక్షరాల తల్లి కొలువైన ఈ చోటును స్థాపించినవాడు ఒక బెస్తపిల్ల కొడుకు. మా నాన్న గీసిన రెండు ఒడ్లు మహాభారతంలో ఒకే పడవలో కలిశాయన్న సంగతి, ఆయన ఉండగా నాకు తట్టి ఉంటే బాగుండేది.

ఈ సంగతి కాకాకు చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "మాకెరికే గద" అన్నాడు. గంగపుత్రులకు ఆ వంశకథ ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. అన్నట్టు, ఇక్కడివాళ్ళెవరూ గోదావరిని గోదావరి అనరు. గంగ అంటారు. 'గంగ అచ్చింది', 'గంగకు పోయినం', 'గంగ ఒడ్డు'. కాశీలో ఉన్నది ఇంకో గంగ.

*

పేర్ల ప్రస్తావన వచ్చింది కనుక ఇంకొంచెం ఆగుతాను.

1803లో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు, వర్ణనలు లండనులో అచ్చువేశాడు. పాముల మీద పుస్తకం వ్రాసిన రస్సెల్ ఈయనే. ఆ తీరాన పల్లెకారులు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరునే ఆయన తన చెవికి వినబడినట్టు వ్రాసుకున్నాడు. అక్షరాలు ఎంత వంకరపోయినా, వాటి వెనుక తెలుగు గొంతు వినిపిస్తుంది. మన సొర 'సొర్రా'గా ఆ పుస్తకంలో కనిపిస్తుంది. ఒక సొరజాతి శాస్త్రనామంలో ఇప్పటికీ ఆ మాట ఉంది.

1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ ఉత్తరాది గంగ చేపల మీద గ్రంథం ప్రచురించాడు. రోహిత, కట్ల అన్న అక్కడి పేర్లు అలాగే లాటిన్‌లోకి వెళ్ళాయి. మన పరకల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న 'పుంటియస్' అన్న పేరు బెంగాలీ 'పుంటి'. దక్కనులో సైన్యాధికారిగా ఉన్న కర్నల్ సైక్స్ 1839 ప్రాంతంలో మహారాష్ట్ర నదుల చేపలను వర్ణిస్తూ 'ఖుద్రీ', 'కొలుస్' వంటి స్థానిక నామాలనే శాస్త్రానికిచ్చాడు. ఖుద్రీ అన్నది దక్కను మహసీరు: పెద్ద పొలుసులు, దొడ్డ పెదవులు, నాలుగు మీసాలు. కొలుస్ కృష్ణా గోదావరీ పరీవాహకాలలో దొరికే మీసాల చేప. వాల్టన్ బార్బెల్‌కు ఇవి దక్కను దాయాదులు. ఒకప్పుడు వీటన్నింటినీ ఒకే 'బార్బస్' గంపలో వేసేవారు. 1873లో మంగళూరులో అచ్చయిన హెచ్. ఎస్. థామస్ 'ది రాడ్ ఇన్ ఇండియా' చదివి తెల్లదొరలు ఈ మహసీరు కోసమే మన ఏళ్ళ వెంట తిరిగారు.

గమనించారా? సముద్రపు తెలుగు పేర్లు రస్సెల్ పుస్తకంలోకి ఎక్కాయి. గోదావరి ఎగువ భాగపు మరాఠీ పేర్లు సైక్స్ చేత లాటిన్ అయ్యాయి. ఉత్తర తెలంగాణ గంగ ఒడ్డున తెలుగులో పలికే ఏటిచేపల పేర్లు మాత్రం చాలావరకు నాలుక మీదే ఉండిపోయాయి. కాకా చెబుతూ ఉంటే నేను ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకోవడం మొదలుపెట్టాను. పరక, బొచ్చె, రవ్వ, బొమ్మె, జెల్ల, మట్టగిడస, చందమామ, ఉసికెదొంతి... ఇసుకలో పడుకునేది ఉసికెదొంతి. పేరులోనే దాని ఇల్లుంది. వాలుగ పేరు వచ్చినప్పుడు మాత్రం నాకు అమరకోశం జ్ఞాపకం వచ్చింది. అందులో పాఠీనమనే చేపకు సహస్రదంష్ట్రమని పర్యాయపదం ఉంది. వెయ్యి కోరలది! వాలుగే పాఠీనమంటారు. "దాని నోట్ల ఏలు పెడితే ఏలు నీది గాదు" అని కాకా చెప్పిన నిర్వచనానికీ అమరసింహుని నిర్వచనానికీ తేడా ఏమిటో నాకు తెలియలేదు.

*

మొదటిసారి వెళ్ళినప్పుడు నీరు నిశ్చలంగా, చెరువులా ఉంది. నేను దాన్నే నది అనుకున్నాను. అది నది కాదు, పోచంపాడు జలాశయపు చివరి అంచు.

దిగువన పోచంపాడు దగ్గర 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట నేటి శ్రీరామసాగర్. నలభై రెండు గేట్లు. పూర్తి మట్టం 1091 అడుగులు. అది నిండితే వెనుకకు తన్నిన నీరు బాసర దాకా పరుచుకుంటుంది. ఎగువన మహారాష్ట్రలో పైఠణ్ దగ్గరి జాయక్‌వాడి 1976లో పూర్తయింది. బాసరకు ఇంకా దగ్గరలో, నాందేడు జిల్లాలో బాబ్లీ బ్యారేజీ కట్టారు. దాని మీద వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకు గేట్లు తెరిచి ఉంచాలని 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది. ఇప్పుడు గంగకు వానలతో పాటు తారీఖులు కూడా ఉన్నాయి.

ఈ ఆనకట్టలను తిట్టడానికి నాకు నోరు రాదు. కరీంనగరు జిల్లాలో మా బంధువుల పొలాలు పండింది ఆ కాకతీయ కాలువ నీళ్ళతోనే. ఆ బియ్యమే తిని పెరిగాను. కానీ చేపకు ఆనకట్ట ఏమవుతుందో బియ్యం తిన్నవాళ్ళం తెలుసుకోవడం కనీస మర్యాద.

బొచ్చె, రవ్వ వంటి పెద్ద చేపలు నిలువ నీటిలో పెరుగుతాయి, కానీ సహజంగా గుడ్లు పెట్టవు. కొత్తనీళ్ళు రావాలి. ఎర్రని వరద ఒడ్లు దాటి పల్లపు గడ్డి మీదికి పారాలి. ఆ ప్రవాహానికి ఎదురెక్కి, అక్కడ గుడ్లు పెట్టాలి. ఏటికి ఎదురీదడం మనకు సామెత, చేపకు అది సంతానం. గోడ అడ్డం వస్తే ఆ దారి తెగుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. మన దేశపు మంచినీటి చేపల మీద 1873లో వెలువడిన నివేదికలోనే ఫ్రాన్సిస్ డే ఆనకట్టలు చేపల రాకపోకలకు అడ్డమవుతున్న విషయం చర్చించాడు. ధవళేశ్వరం ఆనకట్ట ముగిసి అప్పటికి ఇరవై ఏళ్ళు. సముద్రం నుంచి ఎదురెక్కే పులస ఆ గోడ దగ్గర ఆగిపోయిన కథ కోస్తావారికి తెలిసిందే.

దారి తెగిన చోట శాస్త్రం ఇంకో దారి వేసింది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం ఎక్కించి చేపల చేత గుడ్లు పెట్టించాడు. నేటి చేపపిల్లల కేంద్రాలన్నింటికీ అదే మూలం. అక్కడ గుండ్రని తొట్టెల్లో నీటిని సుడిగా తిప్పుతారు, చేపకు ప్రవాహంలో ఉన్నట్టు అనిపించాలి కదా! ఆ పిల్లలనే తెచ్చి జలాశయాల్లో వదులుతారు. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం నడిపింది. వాటి వల్ల బెస్త కుటుంబాలకు కూడు దొరికిన మాట నిజం. కాకాయే ఒప్పుకున్నాడు. "ఇడిసిన పిల్లలు పెద్దగైతయి, మేము పడ్తం. గంగ కన్న పిల్లలు ఏరు, గివి ఏరు" అన్నది మాత్రం ఆయన మాట. వీటికి తోడు 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, మనవాళ్ళ జిలేబీ చేప, నిలువ నీరు దొరికిన ప్రతిచోటా పాతుకుపోయింది.

మత్స్యవినోదాన్ని ఆధునిక శాస్త్రం కళ్ళతో చదివి 1951లో వ్యాసం వ్రాసిన సుందర్‌లాల్ హోరా జీవితమంతా పరిశోధించింది వేగపు నీళ్ళలో బతికే చేపలనే. రాళ్ళను అంటిపెట్టుకోవడానికి వాటి పెదవులు, రెక్కలు ఎలా మారాయో ఆయన చూశాడు. ప్రవాహం చేప శరీరం మీద వ్రాసిన అక్షరాలవి. 1955లో ఆయన పోయారు. మన పెద్ద జలాశయాలు చాలావరకు ఆ తరువాతివే.

*

ఎండాకాలం చివర వెళ్ళినప్పుడు నీరు బాగా తగ్గి ఉంది. అప్పుడు కాకా నన్ను ఒడ్డు వెంట నడిపించి, తాను కుర్రవాడుగా ఉన్నప్పటి నదిని చూపించాడు. చూపించాడంటే, లేనిదాన్ని వేలితో చూపించాడు. "గీడ మడుగు ఉండె. ఎండకాలం గూడ ఎండకపోయేది. గా బండల నడుమ నీళ్ళు ఉరుకుతుండె. గాడ పెద్ద మీసాల చేప ఉండేది. గా మూలకు ఇసుకమేట." ప్రతి చోటుకూ పేరుంది, ప్రతి పేరుకూ ఒక చేప, ఒక నెల, ఒక వేళ ఉన్నాయి. నీళ్ళు పెరిగితే వాటన్నింటి మీదా ఒకటే సమతలం. ఆయన బుర్రలో ఉన్నది ఒక నది పటం. ఆ పటానికి కింద ఇప్పుడు ఏడాదిలో చాలా నెలలు ఆ నది లేదు.

"మీ కొడుక్కు ఇవన్నీ చెప్పారా?" అన్నాను. "ఆనికేం పనికొస్తయి?" అన్నాడు, కోపం లేకుండా. కొడుకు కూడా వల వేస్తాడు. కానీ ఆయన వేసేది జలాశయంలో. అక్కడ లోతు తెలిస్తే చాలు, మడుగు పేరు అక్కరలేదు.

నేను మొదటి చేప పట్టింది జూలైలో, బాబ్లీ గేట్లు తెరిచిన తరువాత, నీళ్ళలో మొదటిసారి కదలిక చూసిన రోజున. బెండు చిటుక్కుమంది. ఆగాను. మళ్ళీ చిటుక్కుమంది. ఆగాను. పక్కకు జరిగి మునిగింది. లేపాను. అరచేయంత పరక. రెండు పక్కలా సన్నని మీసాలు, ఎండలో వెండి. కడుపు ఉబ్బి ఉంది. కాకా చూసి, "జనతో ఉన్నది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఉంచుకోమననూ లేదు, వదలమననూ లేదు. కొత్తనీళ్ళకు ఎదురెక్కే చేపను తామూ పట్టినవాళ్ళమేనని అంతకుముందే చెప్పి ఉన్నాడు. నేను గాలం తీసి నీళ్ళలో పెట్టాను. అది ఒక క్షణం నా వేళ్ళ మధ్యే ఆగి, ఎగువకు తిరిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం రైలుకు ముందు నా చిన్న పుస్తకం తీసి, వ్రాసుకున్న పేర్లు వరసగా చదివి వినిపించాను. తప్పులుంటే దిద్దమన్నాను. పలక మీద మా తమ్ముడి కూతురు దిద్దినట్టే ఆయన ఒక్కొక్క పేరునూ నాచేత మళ్ళీ పలికించాడు. దీర్ఘం పోయిన చోట దీర్ఘం పెట్టించాడు. బండల నడుమ ఉండే ఆ పెద్ద మీసాల చేప పేరు దగ్గర రెండుసార్లు తప్పాను. మూడోసారి సరిగ్గా వచ్చింది.

"మంచిగ రాసినవు" అన్నాడు. తరువాత కొంచెంసేపు నీళ్ళ వైపు చూసి అడిగాడు:

"దాన్ని నువ్వు సూసినవా, సారూ?"

చూడలేదన్నాను. ఆయన చివరిసారి చూసి ఎన్నేళ్ళయిందో నేను అడగలేదు. రైలు వంతెన మీద పోతుండగా ఈసారి బిళ్ళ వేయలేదు. పుస్తకం తెరిచి ఆ పేరు పక్కన ఆ రోజు తేదీ వేశాను.